ఖాదెస్లాన్ అంటే

“ఒక్క గంట అండీ, పాపను బడి నుంచి తీసుకొచ్చేస్తాను,” అంది మార్లూస్ మఫ్లరు చుట్టుకుంటూ. “మాట్లాడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. నిన్నంతా మిమ్మల్నే అడిగింది మా పెద్దమ్మ. రూల్‌ఫీన్ కూతురేదీ, రూల్‌ఫీన్ కూతురేదీ అని ఒకటే గొడవ. ఇవాళ పొద్దుట్నుంచి కళ్లే తెరవలేదు. మీరేం చెయ్యక్కర్లేదు, ఊరికే చూస్తూ ఉండండి చాలు.”

ఊరికే చూస్తూ ఉండటం. మార్లూస్ అడుగుల చప్పుడు వృద్ధాశ్రమం వసారాలో దూరమయ్యాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోయింది. వెమ్కె మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఎటు చూడాలో తెలియక ముందు కిటికీలోంచి చూసింది. పచ్చగడ్డి మొలిచిన సముద్రపు కట్ట, దాని మీద గాలికి వీపు తిప్పి నిలబడ్డ గొర్రెలు, కట్టకు అవతల కనపడని నీళ్లలో వెళుతున్న ఓడ తాలూకు పొగగొట్టం గడ్డి మీదే నడిచి వెళుతున్నట్టు మెల్లగా జరిగిపోతోంది. డెల్ఫ్‌జైల్ రేవు ఊళ్లో పుట్టినవాళ్లకు సముద్రం ఎప్పుడూ అంతే, అసలు నీళ్లకన్నా ముందు ఎవరిదో ఒకరి ఓడ కొస కనపడుతుంది. తర్వాత తప్పనిసరిగా మంచం వైపు చూసింది. ఫ్రౌకె పిన్ని ఇంత చిన్న మనిషా? పక్కింటి పెరట్లో దుప్పట్లు ఆరేస్తుంటే గాలికి అవి తెరచాపల్లా ఉబ్బేవి, వాటిని ఒంటి చేత్తో లొంగదీసేది. ఆ చేతులు ఇప్పుడు దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వెళ్లిన చేతి తొడుగుల్లా పడి ఉన్నాయి. ఎందుకు పిలిపించావు పిన్నీ? ఇన్నేళ్లు లేనిది, అమ్మ పోయినప్పుడు సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, వర్షం వచ్చిందని వెళ్లిపోయినదానివి, ఇప్పుడు ఎందుకు? తిట్టడానికే అయితే నాకేం అభ్యంతరం లేదు, కళ్లు తెరువు, తిట్టు.

చూడటానికి ఎన్ని మాటలున్నాయో తనకన్నా తెలిసినవాళ్లు ఈ దేశంలో ఎక్కువమంది ఉండరు. లైడెన్‌లో నిఘంటువు పనిలో చేరి తల నెరిసింది. తేరిపార చూడటం, ఓరగా చూడటం, ఎదురు చూడటం, చూసీ చూడనట్టు ఊరుకోవడం, ఒక్కొక్క క్రియనూ దాని తాతముత్తాతల దాకా వెంటాడి, ఏ శతాబ్దంలో ఏ అర్థం వదిలి ఏ అర్థం తొడుక్కుందో రాసింది. ఒక్క క్రియ జోలికి మాత్రం పోలేదు. ఖాదెస్లాన్. రెండు మాటలు అతుక్కుని ఒకటైన క్రియ, పుస్తకాల్లో తప్ప నోటి మాటల్లో పెద్దగా వినపడదు. ఒక మనిషినో పక్షినో చాలాసేపు కదలకుండా గమనించి చూడటమని అర్థం. మొన్న వసంతంలో పని పంచుకున్నప్పుడు అది తన వంతుకే వచ్చింది. అప్పుడు ఎదుటి బల్ల బౌడెవైన్‌తో మార్చుకుంది. “దీనికి బదులు వంటింటి క్రియలన్నీ నేను తీసుకుంటాను,” అంటే అతను కళ్లద్దాల పైనుంచి చూసి, “అన్నీనా? ఒక్క మాటకి అన్ని మాటలా? ఏం చేసిందమ్మా నిన్ను ఆ పాపిష్టిది?” అన్నాడు. ఏం చేసిందని చెప్పాలి? అది ఏమీ చెయ్యలేదు. చేసింది తనే. నోరు తెరిచి పలికింది.

తొమ్మిదేళ్ల పిల్ల. పల్లీకాయ చేతికిస్తే ఒలవకుండా ఉండలేనట్టే, పొడుగాటి మాట కనపడితే విడగొట్టకుండా ఉండలేదు. నాన్న సీబ్రాండ్ వీధి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదివేవాడు. కిటికీ బయట గోడకు ఒక చిన్న అద్దం బిగించి ఉండేది, కూర్చున్నచోటి నుంచి కదలకుండా వీధి రెండు చివర్లూ అందులో కనపడేవి. ఆ వీధిలో ప్రతి ఇంటికీ అలాంటి అద్దం ఉండేది. ఎవరి సైకిలు ఎవరింటి ముందు ఆగిందో, ఎవరి కర్టెన్లు ఇంకా తీయలేదో అందరికీ తెలుసు. తెలిసిందని ఎవరూ అనరు. నాన్న చదివి కింద పెట్టిన పేపర్లో వెమ్కెకు ఇష్టమైనవి చావు ప్రకటనలు, ఎందుకంటే వాటిలో పాత మాటలుండేవి. ‘ప్రియమైన ఖాదెను శోకంలో విడిచి’ అని ఉంటే ఖాదె అంటే ఏమిటని అడిగింది. “పెళ్లాం,” అన్నాడు నాన్న. “మొగుడైనా కావచ్చు. ఇద్దర్లో మిగిలినవాళ్లు.” స్లాన్ అంటే ఎవర్నీ అడగనక్కర్లేదు, కొట్టడమని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇక లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కథల పుస్తకంలో ఒక ముసలి నావికుడు మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చుని పక్కింటివాళ్లను ఖాదెస్లాన్ చేశాడని చదివినప్పుడు, ఆ పిల్ల మనసులో రెండు ముక్కలూ పక్కపక్కన పడి టక్కున అతుక్కున్నాయి. పెళ్లాన్ని కొట్టడం. కిటికీ దగ్గర కూర్చున్నవాడు పక్కింటివాళ్లను ఎలా కొడతాడని ఆలోచించలేదు. అయితే దీనికి ఒక మాట ఉందన్నమాట. పుస్తకంలో అచ్చయ్యేంత మామూలు పనన్నమాట. వెమ్కెకు భయం వెయ్యలేదు, ఒకరకంగా ఊరట కలిగింది. గోడవతల శనివారం సాయంత్రాలు వినపడే ఆ చప్పుడుకు ఇంతకాలం పేరు లేకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆ గోడ ఒంటి ఇటుక గోడ. అటువైపు గడియారం కొడితే ఇటువైపు టైము తెలిసేది. ఫ్రౌకె పిన్ని మొగుడు డెర్క్ బాబాయి ఓడల రేవులో వెల్డింగు పని చేసేవాడు, చర్చి బ్యాండులో పెద్ద బాకా ఊదేవాడు, పిల్లలు కనపడితే జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చేవాడు, ఆ పిప్పరమెంటుకు పొగాకు వాసన వేసేది. శనివారం మధ్యాహ్నం పని వదిలాక రేవు దగ్గర తాగి సాయంత్రం ఇంటికొచ్చేవాడు. ముందు కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత కొంత నిశ్శబ్దం, ఆ తర్వాత. నాన్న రేడియో శబ్దం పెంచేవాడు. అమ్మ అల్లిక సూదులు ఒక్కక్షణం ఆగి మళ్లీ కదిలేవి. ఒకసారి అమ్మ, “సీబ్రాండ్,” అంది, అంతే, పేరు మాత్రం. నాన్న, “ఎవరి గుమ్మం వాళ్లు తుడుచుకోవాలి రూల్‌ఫీన్. రేపు వాడూ నేనూ ఒకే బల్ల మీద కూర్చుని దేవుడి పాటలు పాడాలి,” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. వెమ్కె ఎన్నిసార్లు లెక్కలు వేసుకున్నా అక్కడికే వస్తుంది, ఆయన చెడ్డవాడు కాదు, ఆ వీధిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు, డెర్క్ బాబాయిని కూడా వాళ్లెవరూ చెడ్డవాడనుకోలేదు. పొద్దున్నే ఎవరి మెట్లు వాళ్లు సబ్బునీళ్లతో కడుక్కునేవారు.

బేకరీలో శనివారం పొద్దున వరుస వీధిలోకి వచ్చేది. ఆ రోజు లోపలే నిలబడ్డారు. ముందు ఫ్రౌకె పిన్ని, తలగుడ్డ కనుబొమల దాకా కిందికి లాగి కట్టుకుని, ఎండుద్రాక్ష రొట్టె అడుగుతోంది. వెనక అమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని తను. ఆ వెనక ఇంకో ఆరేడుగురు, చర్చిలో పెద్ద ఒకాయన కూడా. గాజు తలుపు అవతల డెర్క్ బాబాయి, రేవులో పనికి వెళ్తూ ఆగి, సైకిలు మీద ఒక కాలు వేసి ఎదురు చూస్తున్నాడు, లోపలికి చూసి వెమ్కెకు కన్ను కొట్టాడు. అదే కారణమేమో. ఆ కన్ను కొట్టడం చూసి మాట గుర్తొచ్చింది. తెలిసిన సంగతి సరిచూసుకోవాలనే తప్ప మనసులో ఇంకే ఉద్దేశమూ లేదు, “అమ్మా, శనివారం శనివారం డెర్క్ బాబాయి పిన్నిని చేసేదాన్ని ఖాదెస్లాన్ అంటారు కదా?” అంది. బళ్లో పాఠం అప్పజెప్పినంత గట్టిగా.

రొట్టెలు కోసే యంత్రం ఆగిపోయింది. బేకరీ ఆవిడ చెయ్యి మీట మీదే ఉండిపోయింది. వరుసలో ఒక్కరు కూడా ‘ఏంటి?’ అనలేదు. ఇప్పటికీ వెమ్కెను నిద్రలో లేపేది అదే, ఒక్కరైనా ‘ఏం వాగుతున్నావే?’ అని ఉంటే బాగుండేది. అందరూ నేల చూశారు. ఫ్రౌకె పిన్ని మాత్రం వెనక్కి తిరిగింది, తిరిగినప్పుడు తలగుడ్డ కాస్త పక్కకు జరిగింది, దాని కింద ఉన్నది అందరూ చూశారు, మళ్లీ నేల చూశారు. అమ్మ, వెమ్కె చెంప మీద ఒక్కటి కొట్టి, రొట్టె కొనకుండానే, భుజం పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చింది. అమ్మ అంతకుముందు కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు.

ఆ మధ్యాహ్నం బంగాళాదుంపలు ఒలుస్తూ అమ్మ ఒక దుంపను ఒలిచి ఒలిచి గోలీకాయంత చేసింది. సాయంత్రం గోడవతల కుర్చీ జరిగింది. నాన్న చెయ్యి రేడియో మీదికి వెళ్లేలోపు అమ్మ లేచింది. ఏప్రను విప్పి మేకుకు తగిలించి, ఉన్ని బుట్ట చంకలో పెట్టుకుంది.

“ఎక్కడికి?” అన్నాడు నాన్న.

“పక్కింటికి, కాఫీకి.”

“ఇప్పుడా?”

“కాఫీకి వేళేమిటి?”

ఆ తర్వాత ప్రతి శనివారమూ అంతే. డెర్క్ బాబాయి గుండె ఆగి రేవులో కుప్పకూలేదాకా, అన్ని శీతాకాలాలూ. అంతకుముందు శనివారం సాయంత్రం వెమ్కెది. వేడినీళ్ల స్నానం, పొయ్యి ముందు పీట, వెనక అమ్మ, తడిజుట్టులో దువ్వెన, చిక్కు తగిలినప్పుడల్లా అమ్మ నోట్లోంచి వచ్చే చిన్న ‘చ్చొ’ అనే శబ్దం. ఆ రోజు నుంచి జుట్టు తనే దువ్వుకుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి తనే చెప్పుకుంది. నేను అమ్మను అందరిలో సిగ్గుపడేలా చేశాను, పిన్ని పరువు తీశాను, అమ్మ వెళ్లి నా బదులు క్షమాపణ అడుగుతోంది. ఒకసారి అడిగితే తీరే తప్పు కాదు కాబట్టి వారం వారం అడుగుతోంది. పైగా నా మొహం చూడటం ఆమెకు ఇష్టం లేదు. ఒకసారి గోడకు చెవి ఆనించి వింటే అటువైపు ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతున్నారు. చెంపదెబ్బ కన్నా ఆ నవ్వే ఎక్కువ నొప్పి పెట్టింది. చప్పుళ్లు ఆగిపోయాయన్న సంగతి ఆ పిల్ల గమనించలేదా? గమనించింది. సిగ్గుపడి మానేశాడనుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల అలా అనుకోవచ్చు, కాని ఈ తల నెరిసిన మనిషి, ప్రతి మాటకూ మూలం ఎక్కడుందో తవ్వేదాకా నిద్రపోని మనిషి, ఆ ఒక్క సంగతిని మాత్రం తొమ్మిదేళ్లప్పుడు అనుకున్నచోటే ఎందుకు వదిలేసింది?

ఆ మాటకు అసలు అర్థం యూనివర్సిటీలో తెలిసింది. పెద్ద హాలు, ముందు వరుస, ప్రొఫెసరు గారు పొరపాటు వ్యుత్పత్తులకు ఉదాహరణగా దాన్నే తీసుకుని, “పెళ్లాన్ని కొట్టడమని విడగొట్టకండి బాబూ,” అనేసరికి హాలంతా నవ్వింది, వెమ్కె చెంప వేడెక్కింది. ఆ ఖాదె పెళ్లాం ఖాదె కాదు. వందల ఏళ్ల కిందట అదే శబ్దంతో ఇంకో మాట ఉండేది, శ్రద్ధ అని, పట్టించుకోవడమని. ఆ రెండూ ఒకే వేరు నుంచి చీలాయా లేదా అన్నది ఇప్పటికీ పెద్దలు తేల్చుకోలేదు. ఇక స్లాన్ అంటారా, మనం ఈత కొడతాం, కబుర్లు కొడతాం, అందులో దెబ్బ ఎవరికి తగులుతుంది? ఇదీ అలాంటిదే. ఒకరి మీద మనసు పెట్టడం. పాత రాతల్లో గొర్రెల కాపరి మందను అలా చూశాడు, తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను అలా చూసింది. కనిపెట్టుకుని ఉండటం. తర్వాతి కాలంలోనే అందులోంచి ఆ ‘ఉండటం’ జారిపోయి, కిటికీ దగ్గర కూర్చుని ఊరికే కనిపెట్టడం మిగిలింది. ఇదంతా వెమ్కె నోట్సులో రాసుకుంది, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంది. అది తన వీధి గురించి, తన ఇంటి గురించి అని తోచలేదు. తను తప్పు విడగొట్టింది, అంతవరకే తోచింది.

గొర్రెలు కట్ట దిగి వెళ్లిపోయాయి. వాన సన్నగా మొదలై అద్దం మీద అడ్డంగా పాకుతోంది. వెమ్కె తల తిప్పేసరికి ఫ్రౌకె కళ్లు తెరిచి ఉన్నాయి. ఎంతసేపటి నుంచో.

“రూల్‌ఫీన్?”

“కాదు పిన్నీ, వెమ్కెని. రూల్‌ఫీన్ కూతుర్ని.”

“నువ్వా.” చూపు ఆమె మొహం మీద తడుముకుని, జుట్టు దగ్గర ఆగింది. “ముసలిదానివయ్యావేంటే.”

“అయ్యాను పిన్నీ.”

“నీ శనివారాలన్నీ నేను తినేశాను పిల్లా. అది చెప్పకుండా పోదామంటే ప్రాణం పోవట్లేదు.”

ఇన్నేళ్ల నుంచి వెమ్కె లోపల గడ్డకట్టుకుని ఉన్నదే బయటికొచ్చింది. “నా తరఫున క్షమాపణ అడగడానికి వచ్చేదనుకున్నాను, అమ్మ.”

దుప్పటి కింద ఏదో కదిలింది. దగ్గనుకుని నీళ్ల కోసం లేవబోయింది వెమ్కె. దగ్గు కాదు, నవ్వు. “క్షమాపణా? మీ అమ్మా? మీ అమ్మ పాస్టరు గారి ముందే మెడ వంచేది కాదు. దాన్ని నువ్వు కడుపున పుట్టి కూడా ఎరగవన్నమాట.” ఆగింది. ఊపిరి కూడగట్టుకుంది. మాటలు ఒక్కొక్కటే, మెట్లు ఎక్కుతున్న మనిషిలా వచ్చాయి. “ఆ మొదటిరోజు వెనక తలుపు తోసుకుని వచ్చేసింది, తట్టలేదు. డెర్క్ చెయ్యి ఎత్తే ఉంది. నేను బొగ్గులపెట్టె పక్కన. నా వంక చూడను కూడా చూడలేదు. వెళ్లి డెర్క్ కుర్చీలో కూర్చుంది. డెర్క్ కుర్చీలో! మా ఇంట్లో పిల్లి కూడా అందులో ఎక్కేది కాదు.”

“ఏమంది?”

“‘పొద్దున నా కూతురు ఒక మాటకి అర్థం అడిగింది డెర్క్. నాకు చెప్పడం చేతకాక పిల్లని కొట్టాను. నువ్వు ఆపకు, కానియ్. చూసి వెళ్లి చెప్తాను’ అంది. అని ఉన్ని తీసి అల్లుకోవడం మొదలుపెట్టింది. చేతులు అల్లుతున్నాయి, కళ్లు మాత్రం వాడి మీదే. రెప్ప వేస్తే ఒట్టు. ఆ ఎత్తిన చెయ్యి ఎక్కడ దింపాలో వాడికి తెలియలేదు. చివరికి తల గోక్కున్నాడు.”

“తర్వాత?”

“తర్వాతేముంది. కాఫీ పెట్టాను.”

వాన జోరందుకుంది. వెమ్కె ఆ వంటగదిని చూస్తోంది, ఎన్నడూ లోపలికి వెళ్లని ఆ వంటగదిని, బల్లను, దీపాన్ని, బల్ల అవతల పొగాకు వాసన వేసే పెద్ద మనిషిని, ఇవతల తన అమ్మను. గోడకు ఇటువైపు తడిజుట్టుతో కూర్చుని నన్ను వదిలేసి వెళ్లిందని ఏడుస్తున్న పిల్లను. మధ్యలో ఒక్క ఇటుక.

“భయం వెయ్యలేదా పిన్నీ, అమ్మకి?”

“ఎందుకు వెయ్యదే. మోకాళ్లు గడగడా కొట్టుకునేవి. బల్ల కింద నాకు కనపడేవి కదా. అందుకే ఆ బుట్ట ఒళ్లో పెట్టుకునేది, వాడికి కనపడకుండా. ఏళ్లు గడిచినా వాడు తలుపు తీసిన ప్రతిసారీ ఆ మోకాళ్లు అంతే. అయినా వచ్చేది.” కళ్లు మూసుకుంది, వెమ్కె అయిపోయిందనుకుంది, అయిపోలేదు. “వెళ్లేముందు సూదులు బుట్టలో పెడుతూ, ‘వెమ్కె పడుకుని ఉంటుంది’ అనేది. ప్రతిసారీ ఆ ఒక్క మాటే, ఇంకేం అనేది కాదు. ఈ వారం వద్దులే రూల్‌ఫీన్, ఇంటి దగ్గర ఉండు, పిల్లకి జడ వెయ్యి, అని నేననాలి. నాలుక చివరి దాకా వచ్చేది. ఒక్కసారీ అనలేదు.” దుప్పటి మీది చెయ్యి తిరగబడి అరచెయ్యి పైకి వచ్చింది. “నాకు బతకాలని ఉండేదే పిల్లా.”

వెమ్కె ఆ చేతిని పట్టుకుంది. అది తేలిగ్గా ఉంది, వెచ్చగా ఉంది, బతికి ఉంది, ఎనభై తొమ్మిదేళ్లు బతికింది. అందులో తన శనివారాలు ఎన్నో, ఇంకా కొన్ని ఉన్నా ఇచ్చేసేది. “అనకపోవడమే మంచిదైంది పిన్నీ,” అంది, “నువ్వు అన్నా ఆవిడ వినేది కాదు.” ఈ మాట ముసలామెకు వినపడిందో లేదో తెలియదు. కళ్లు మళ్లీ మూసుకుపోయాయి, మొహం మాత్రం కొంచెం వదులైనట్టు అనిపించింది, లేదా కిటికీ వెలుగు మారి అలా అనిపించిందేమో. వెమ్కెకు ఎందుకో ఏడుపు రాలేదు. ఒకే ఒక్క సంగతి మళ్లీ మళ్లీ తిరిగింది, అమ్మ నన్ను కొట్టింది నోరు మూయించడానికి కాదు, జవాబు తెలియక. తెలియదని ఒప్పుకుని, తెలుసుకోవడానికి, వణికే కాళ్లతో, పక్కింటికి.

మార్లూస్ వచ్చేసరికి చీకటి పడబోతోంది. వెంట పాప, తడిసిన బూట్లతో, చేతిలో సగం కొరికిన బిస్కట్టుతో.

“ఆలస్యమైపోయింది, ఏమీ అనుకోకండి, వానలో సైకిలు కదిలితేనా. కళ్లు తెరిచిందా?”

“తెరిచింది. మాట్లాడింది.”

“అయ్యో, నేను లేనప్పుడే! ఏమంది?”

“మా అమ్మ గురించి చెప్పింది.”

మార్లూస్ వెమ్కె మొహం చూసి మాట మార్చింది. “ఆఖరి బండికి ఇంకా టైముందండీ, స్టేషను దాకా నేను దిగబెడతాను. రాత్రికి నర్సు వచ్చి పోతూ ఉంటుందిలెండి.”

“మీరు పాపను తీసుకుని ఇంటికెళ్లండి. ఏదైనా వేడిగా పెట్టండి దానికి. నేనుంటాను.”

“రాత్రంతానా? ఇక్కడ చెయ్యడానికేం లేదండీ.”

“తెలుసు,” అంది వెమ్కె. కర్ర పుల్లకు గుచ్చిన చిన్న స్పాంజిని నీళ్లలో ముంచి, పిండి, ముసలామె పెదవులకు అద్దింది. పెదవులు దాన్ని పసిపిల్లల్లా చప్పరించాయి. గుమ్మంలో నిలబడిన పాప కొరకడం ఆపి అటే చూస్తోంది. తల్లి రమ్మన్నా కాసేపు కదల్లేదు.

ఫ్రౌకె మర్నాడు మధ్యాహ్నం, సముద్రం వెనక్కి తీసే వేళకు పోయింది. పెనుగులాట లేదు, మూలుగు లేదు. గదిలో ఉన్నవాళ్లు కూడా గమనించనంత నెమ్మదిగా పోయేదే. కాని గమనించే మనిషి పక్కనే ఉంది.